ఒకే కప్పు క్రింద రెండు వైద్యములు

విశాఖపట్నమునకు నౌకాశ్రయము, ఉక్కు కర్మాగారము ఎంత ప్రసిద్ధియో కింగ్ జార్జి ఆసుపత్రియు అంత ప్రసిద్ధి. దానికి చేరువనున్న ఆంధ్ర వైద్య కళాశాల 1923లో వెలసినది. అచ్చటినుండి ఘాటురోడ్డు ఎక్కి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైన పాడేరు చేరినచో, మలేరియా చిరకాలముగా పీడించుచున్న మన్యము కానవచ్చును. జ్వరము తగిలిన గిరిజనుడు పెక్కుసార్లు ముందుగా ఆశ్రయించునది నాటువైద్యునే. కనుక రెండు వైద్యములను కలుపుట ఇచ్చట ప్రాణముతో ముడిపడిన సమస్య.

1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన, అవసరమైనచోట సంప్రదాయ వైద్యులను ప్రాథమికారోగ్య సేవలో చేర్చుకొనవచ్చునన్నది. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణారోగ్య మిషన్, ఆరోగ్యకేంద్రములలోనే ఆయుర్వేదాది వైద్యులకు తావు కల్పింపబూనినది. ఉద్దేశము మంచిదే, రోగికి ఎన్నుకొనుటకు వీలు కలుగును. ఐనను రెండు గదులు ప్రక్కప్రక్కన ఉంచినంతనే రెండు శాస్త్రములు కలియవు. ఏ రోగిని ఏ గదికి పంపవలెనో తెలుపు నియమము ఉండవలెను. పైగా ఈ ఏర్పాటు పట్టభద్రులకే. మన్యపు నాటువైద్యుడు వెలుపలనే నిలిచిపోయెను.

నిజమైన కలయికకు నిదర్శనములు లేకపోలేదు. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించునని 1931లో సేన్, బోసు అను వైద్యులు ప్రకటించిరి. 1952లో దానినుండి రిసర్పిన్ వేరుచేయబడినది. మాచిపత్రి జాతి మొక్కనొకదానిని నీట నానబెట్టి పిండుమని చైనా ప్రాచీన గ్రంథము చెప్పినది; కాచుమనలేదు. వేడికి సారము చెడునేమోనని తూ యుయు ఊహించి, తక్కువ వేడిమిలో ఈథరుతో సారము తీసెను. 1972లో ఆర్టెమిసినిన్ లభించెను. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చెను. ఐనను ఆ ఆకు కషాయమును మలేరియా మందుగా ప్రపంచారోగ్యసంస్థ అంగీకరింపలేదు. అందు మోతాదు నిలకడగా నుండదు. మోతాదు చాలనిచో మందుకు లొంగని క్రిములు ప్రబలవచ్చును.

గ్రంథము దారి చూపగా పరీక్ష నిర్ధారణ చేసినది. మన దేశమున గ్రంథోక్తముగా తయారైన ఆయుర్వేదౌషధమునకు అనుమతి పొందుటకు రోగులపై క్రొత్త పరీక్ష అక్కరలేదు, గ్రంథమే ప్రమాణము. కలయికలో అన్నిటికంటె పెద్ద లోటు ఇదే.

మన్యమున చేయదగిన పని చిన్నది. నాటువైద్యుని తూలనాడక, జ్వరము రాగానే రక్తపరీక్షకు పంపుట అతనికి నేర్పవలెను. ఫాల్సిపరం మలేరియా ముదిరినచో కొలదిరోజులలోనే ప్రాణముమీదికి వచ్చును. రోగికి అతనియందున్న నమ్మకము, ఆరోగ్యకేంద్రమునందున్న మందు ఒకే దినమున కలిసినచో బిడ్డ బ్రదుకును.