గ్రానైట్ కప్పని గట్టు

తిరువూరు చుట్టుపక్కల చాలా కొత్త ఇళ్లలో వంటగట్టు ముందు కాంక్రీటుగానే తయారవుతుంది. అడ్డగోడల మీద చెక్కలు పరిచి, ఊచలు కట్టి, బిళ్ల పోస్తారు. ఆ తర్వాత చీమకుర్తి నల్లరాయో కడప బండో పరుస్తారు. అడుగున పని ఎలా ఉన్నా రాయి కప్పేస్తుంది. రాయి వెయ్యకుండా కాంక్రీటునే గట్టుగా వదిలేసిన వంటిల్లు కనిపిస్తే మేస్త్రీ మీద నాకు గౌరవం పెరిగేది అందుకే.

అలాంటి గట్టును సింకు దగ్గర నుంచి చూడాలి. కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఆ లాగుడంతా సింకు కోసం వదిలిన ఖాళీ మూలల మీద పడి, బీట అక్కడే పుడుతుంది. పని తెలిసిన మేస్త్రీ ఒక్కో మూలకు ఏటవాలుగా పొట్టి ఊచ వేస్తాడు, మూలను కాస్త గుండ్రంగా తిప్పుతాడు. గట్టు వాలు సింకు వైపే ఉంటుంది. నీళ్లు పోస్తే తప్ప తెలియదు. ముందు అంచు కింద చెయ్యి పెట్టి తడిమితే పొడుగునా సన్నటి గాడి తగులుతుంది. అచ్చులో ఒక ఊచ పరిచి, తర్వాత తీసేస్తే పడే గాడి అది. పైనుంచి కారిన నీరు బిళ్ల అడుగున పాకి గోడదాకా పోకుండా అక్కడే బొట్టుగా రాలిపోతుంది. ఎవరూ వంగి చూడని చోట ఇంత ఆలోచన!

నునుపు వేరే విద్య. పోసిన కాంక్రీటు మీదకు నీరు తేలుతుంది. అది పోకముందే తాపీ వేస్తే పైపొర నీరసించి తర్వాత పొడి రాలుతుంది. ఆలస్యమైతే తాపీ తిరగదు. మే నెల ఎండలో ఆ మధ్య వేళ మరీ తక్కువ. వేలితో నొక్కి చూసి, అదను కుదిరాక రెండు మూడు విడతలు రుద్దాలి. పొడి సిమెంటు చల్లి తడి పీల్చేయడం తొందరపాటు పని, ఆ పొర పెచ్చులుగా లేస్తుంది. తర్వాత గట్టును తడుపుతూ ఉండాలి. మట్టి మరక పడుతుంది కనుక స్లాబుకు కట్టినట్టు మళ్లు కట్టకూడదు, తడి గోనెలే కప్పాలి. రెండంగుళాల బిళ్ల చదరపు అడుగుకు దాదాపు 11 కిలోలు తూగుతుంది. అందుకే అడుగు దన్నులు వారం దాకా కదపకూడదు. కాంక్రీటు బలం లెక్కగట్టేది 28 రోజులకు.

కాలిఫోర్నియాలో ఫూ-తుంగ్ చెంగ్ అనే డిజైనరు ఈ గట్ల మీద 2002లో ఒక పుస్తకమే వేశాడు. అక్కడిది ఖరీదైన మోజు. అయితే ఆయన మన పులుసులతో వేగలేదు. సిమెంటుది సున్నం గుణం, పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మచెక్క, ఆవకాయ ముక్కల ఊట కాసేపు నిలిస్తే చాలు, తుడిచినా పోని పాలిపోయిన మచ్చ పడుతుంది. పసుపు, కారం నూనె లోపలికి ఇంకుతాయి. సీలర్ పూస్తే చాలామట్టుకు ఆగుతాయి కానీ దానికి వేడి పడదు. దించిన గిన్నె కింద కుదురు ఉండాల్సిందే. బాత్‌రూము కడిగే యాసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. మచ్చే పడకూడదనుకునేవారు గ్రానైట్ వేయించుకోవడమే మేలు.

మిగిలినవాళ్లు రాయి కొనేముందు మేస్త్రీని రెండు మాటలు అడగండి: సింకు మూలల్లో ఊచలు ఎలా వేస్తారు, ఎన్నాళ్లు తడుపుతారు? తడుముకోకుండా చెబితే గట్టు ఆయన చేతిలో పెట్టొచ్చు.