అతిథి పండితులూ, తెలుగు మాట్లాడే ఇస్లామూ

2001 సెప్టెంబరు 11 తర్వాత అమెరికా యూనివర్సిటీలకి ముస్లింలు హఠాత్తుగా గుర్తొచ్చారు. ముస్లిం దేశాల పండితుల్ని కొన్ని వారాలపాటు రప్పించి, కాలేజీ కాలేజీకీ తిప్పి మాట్లాడించే పథకం ఒకటి ఫుల్‌బ్రైట్ కింద నడిచింది. పిలిచినవాళ్ల రాజకీయాల మీద కావలసినంత చర్చ జరిగింది. వచ్చినవాడు ఎవరి ఇస్లాం గురించి మాట్లాడతాడు అన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మాకు అదే అసలు సంగతి.

మన దగ్గరా అంతే. ఇస్లాం చదవడానికి వచ్చే పండితుడు హైదరాబాదులో దిగుతాడు. అక్కడ 1930లో లాహోరులో పుట్టి 1971లో హైదరాబాదు చేరిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. ఉర్దూ, ఫార్సీ, నవాబుల కాగితాలు. ఇవి చదవొద్దని మేం అనం. కానీ విజయవాడ రోడ్డు పట్టుకుని వస్తే జగ్గయ్యపేట, నందిగామ తగులుతాయి. ఈ మెట్ట ఊళ్లలో ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషాలున్నారు. దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన కులం. ఉర్దూ రాదని సాటి ముస్లింలే ఎగతాళి చేస్తారు, సాయిబులని హిందువులు దూరం పెడతారు. పండితుడి నోటుపుస్తకంలో వీళ్లకి పేజీ ఉండదు.

ఇస్లాంలో కులం లేదని సెమినార్లో చెప్పడం తేలిక. ప్రభుత్వ జాబితా అలా చెప్పదు. దూదేకులవాళ్లు బీసీ-బిలో ఉన్నారు. 2007 చట్టం 14 ముస్లిం సమూహాలకి బీసీ-ఇ కింద 4 శాతం ఇస్తూ సయ్యద్, మొఘల్, పఠాన్‌లని పక్కన పెట్టింది. అంతకుముందు ఏడాది సచార్ కమిటీ అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే తేడాల్ని రాసిపెట్టింది.

అందరూ ఒకేలా చేశారని కాదు. అఫ్సర్ 2013లో అచ్చయిన 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' కోసం అనంతపురం జిల్లా గూగూడు వెళ్లాడు, కుళ్లాయప్ప పీరు దగ్గర కూచున్నాడు. మేం ఇష్టంగా చదివాం. అయినా పుస్తకం పేరులోనే ఉన్న 'ఉమ్మడి భక్తి' అన్న మాట దగ్గర ఆగాం. పీర్ల ముందు డప్పు కొట్టేవాడికి ఆ ఉమ్మడిలో వాటా ఎంత? పీరు ఎత్తేదెవరు, దూరంగా నిలబడేదెవరు? దళితుల పేట నుంచి చూస్తేనే ఆ ప్రశ్న పుడుతుంది.

ఈసారి పండితుడొస్తే నందిగామలో ఒక పూట ఉంచండి. దుబాసీగా నూర్‌బాషా పిల్లనే పెట్టండి. ఆ పిల్ల అడిగే ప్రశ్నలు కూడా రాసుకొమ్మనండి.