ఫిలిప్ కుర్చీ, బుడుగు కబుర్లు

1844 క్రిస్మస్‌కి మూడేళ్ళ కొడుక్కి నచ్చే బొమ్మల పుస్తకం దొరక్క, ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు హైన్రిక్ హాఫ్‌మన్ తానే ఒకటి రాసి, బొమ్మలు వేసి ఇచ్చాడు. మరుసటి ఏడు అచ్చయిన ఆ ‘స్ట్రూవెల్‌పీటర్’లో తర్వాతి ముద్రణలప్పుడు వచ్చి చేరిన పిల్లాడు ఫిలిప్. ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం కలిసిన ఏడీహెచ్‌డీ అనే సమస్య చరిత్ర రాసేవాళ్ళు తరచు వాడి దగ్గర ఆగుతారు. ఇక ముళ్ళపూడి వెంకటరమణ రాతలో, బాపు గీతలో పెరిగిన మన బుడుగుకి పరిచయం అక్కర్లేదు. ఇద్దరూ కుదురులేని పిల్లలే. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చదివితే, చిన్నపిల్లల్లో ఈ సమస్యను పోల్చుకోవడం ఎందుకంత కష్టమో తెలిసొస్తుంది.

ఫిలిప్ కథంతా ఒక్క భోజనం బల్ల దగ్గరే నడుస్తుంది. తండ్రి హెచ్చరిస్తాడు, తల్లి మాటాడకుండా చూస్తుంది. వాడు కుర్చీని ముందుకీ వెనక్కీ ఊపుతాడు. అది వెనక్కి పడబోతుంటే బల్లమీది గుడ్డ పట్టుకుంటాడు. గుడ్డతోపాటు తిండీ పళ్ళేలూ అన్నీ నేలపాలు. హాఫ్‌మన్‌ది డాక్టరు చూపు. కాళ్ళూ చేతులూ చేసిన పనిని వరసగా చూపిస్తాడు. వాడి మనసులో ఏముందో మాత్రం మనకు అందదు.

బుడుగు దగ్గర ఇదంతా తారుమారు. అక్కడ పెద్దవాళ్ళు పిల్లాణ్ణి చూడటం కాదు, పిల్లాడే పెద్దవాళ్ళను చూస్తాడు. అల్లరికి లోటు లేదు, ప్రైవేటు మాస్టార్లకు వాడితో వేగడం కష్టమే. అయితే బాబాయి, రెండుజెళ్ళ సీత, పక్కింటి పిన్నిగారి మొగుడు, వీళ్ళందరి సంగతులూ వాడి నోట ఎంత పట్టుగా వస్తాయో గమనించండి. ఫిలిప్‌ని చూస్తే పిల్లాడు ఏం చేశాడో తెలుస్తుంది. బుడుగు మాట వింటే ఎందుకు చేశాడో తెలుస్తుంది.

డాక్టర్ల పరీక్ష మొదట ఫిలిప్ దారిలోనే వెళ్తుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5లో ధ్యాస నిలవకపోవడానికి 9 లక్షణాలు, అతిచురుకుదనం, తొందరపాటులకు కలిపి 9 ఉన్నాయి. పిల్లల్లో ఏదో ఒక జాబితాలో కనీసం 6 ఉండాలి. అయితే లెక్క ఒక్కటే చాలదంటూ అదే పుస్తకం బుడుగు వైపూ మొగ్గుతుంది. ఆ లక్షణాలు ఆరు నెలలపాటు ఉండాలి, వయసుకు మించి ఉండాలి, పన్నెండేళ్ళలోపే కనబడాలి, ఇల్లూ బడీ లాంటి రెండు చోట్లయినా కనిపించాలి, బతుకుకి అడ్డు తగలాలి. ఈ లెక్కన ఫిలిప్‌కి ఏడీహెచ్‌డీ ఉందని తేల్చలేం, మనం చూసింది ఒక్కపూట భోజనమే కనక. అలాగే బుడుగుకి లేదనీ తేల్చలేం, మనం విన్నది వాడి మాటే కనక. అందుకే అమెరికాలో వాడే వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి తల్లిదండ్రులకు ఒకటి, టీచరుకు ఒకటి ఉంటుంది. రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో ఏడీహెచ్‌డీ తేలదు. వినికిడి లోపం, చూపు లోపం, నిద్ర చాలకపోవడం, కొన్ని రకాల మూర్ఛ కూడా ఇలాగే కనబడతాయి కాబట్టి ముందు వాటిని చూసుకోవాలి.

అల్లరి పిల్లాడు ఎలాగూ అందరి కంటా పడతాడు. చప్పుడు చెయ్యని బిడ్డ మాటేమిటి? ఈ విషయంలో హాఫ్‌మన్ ఒక అడుగు ముందున్నాడు. అతని పుస్తకంలోనే హాన్స్ అనే ఇంకో పిల్లాడు ఆకాశంలోకి చూస్తూ నడిచి నీళ్ళలో పడతాడు. అల్లరి చెయ్యడు, ధ్యాసే ఉండదు. ఇలాంటివాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, బుద్ధిమంతుల లెక్కలో పడి ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడరు. మరోవైపు బుడుగు నేర్పే పాఠం హాఫ్‌మన్ దగ్గర లేదు. పసివాడి అల్లరిలో చాలా భాగం వయసుదే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డిసెంబరు నెలాఖరుతో బడి వయసు లెక్క ముగుస్తుంది. అక్కడ జనవరిలో పుట్టిన పిల్లలకన్నా డిసెంబరులో పుట్టిన పిల్లలకే ఏడీహెచ్‌డీ అన్న పేరు ఎక్కువ పడిందని 2012లో వచ్చిన పరిశోధన చూపింది. తరగతిలో అందరికన్నా చిన్నవాడు కావడమే వాళ్ళ నేరం. మూడేళ్ళకే నర్సరీలో కూర్చోబెట్టే మనం ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఏడీహెచ్‌డీపై అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019 మార్గదర్శకాలు నాలుగేళ్ళ వయసు నుంచే మొదలవుతాయి. ఆరేళ్ళు నిండనివాళ్ళకు మొదటి వైద్యం మాత్ర కాదు, పిల్లాడితో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ. ఈ సలహాలో ఇద్దరు రచయితలూ కలుస్తారు. ఫిలిప్ కష్టాన్ని అది కొట్టిపారెయ్యదు, బుడుగు పసితనాన్ని రోగమనదు.

అనుమానం వస్తే టీచరూ తల్లీ విడివిడిగా కొన్ని వారాలు చూసింది చూసినట్టు రాసి, పిల్లల డాక్టరుకి చూపించండి. ‘పెద్దయితే అదే పోతుంది’ అని వదిలెయ్యకండి, ఒక్కరోజు అల్లరి చూసి పేరూ పెట్టకండి. బిడ్డను చూడండి, బిడ్డ చెప్పేదీ వినండి. ఈ రెండిట్లో ఏది తప్పినా ఆ పరీక్ష సగమే.