మిల్ స్వాతంత్ర్యవాదము - ఇందూరు చెఱసాల గోడ

జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ప్రకటించిన ‘ఆన్ లిబర్టీ’ వ్యక్తిస్వాతంత్ర్య విచారమునకు మూలగ్రంథములలో నొకటి. ఇతరులకు హాని కలుగకుండ వారించుటకు దక్క, మఱి యే కారణముచేతను సమాజము వ్యక్తిని నిర్బంధింపరాదని యాతని సిద్ధాంతము. ఆతడు చెప్పిన స్వేచ్ఛాక్షేత్రములలో మొదటిది అంతఃకరణము. రెండవది అభిరుచికి దగిన జీవనవిధానము. మూడవది పరస్పర సమ్మతిచే నేర్పడు సాంగత్యము. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమికహక్కుగా నిర్ణయించినపుడు మిల్ గ్రంథమును స్మరించుట సముచితమే.

అయినను ఈ సిద్ధాంతమున నొక లోపము కలదు. బాలురకును, తన దృష్టిలో బాల్యదశ దాటని సమాజములకును ఇది వర్తింపదని మిల్ మినహాయించినాడు. 1823 మొదలు 1858 వఱకు ఆతడు ఈస్టిండియా కంపెనీ లండను కార్యాలయమున నుద్యోగి. ఆ మినహాయింపులో మన దేశమును చేరినదనుటకు సందేహింప బనిలేదు. అట్టి పాలనకు ప్రజల యభివృద్ధియే లక్ష్యము కావలెనని యాతడు నియమము పెట్టిన మాట నిజమే. కాని అభివృద్ధి యేదో నిర్ణయించువాడును పాలకుడే యైనచో ఆ నియమము పాలితునికి రక్షణ కాజాలదు.

ఇందుకు దృష్టాంతము మన ఇందూరుననే కలదు. 1948లో నిజాము ప్రభుత్వము దాశరథి కృష్ణమాచార్యులను నిజామాబాదు కోటలోని చెఱసాలలో బంధించినది. వట్టికోట ఆళ్వారుస్వామి యచట ఆయనకు సహబంది. చెఱసాలలో ఖైదీకి తనదను చోటు లేదు. ఆతని నిద్రయు భోజనమును సైతము పరుల కన్నుల యెదుటనే. అట్టి చోట కవి బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసినాడు. గోడ ప్రభుత్వముది, పద్యము కవిది. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను ఆయన ఆళ్వారుస్వామికే అంకితమిచ్చినాడు. మిల్ వేఱువేఱుగా జెప్పిన అంతఃకరణమును, సాంగత్యమును ఇచట నొక్కటియైనవి. గోప్యత యనగా ఒంటరితనము కాదనియు, తలపు రూపుగొనుటకును, నమ్మినవారితో దానిని పంచుకొనుటకును వలసిన యవకాశమనియు దీనివలన దెలియుచున్నది.

స్వేచ్ఛకు దగిన పరిపక్వత కలదని ఆ ఖైదీలకు ఏ పాలకుడును ప్రమాణపత్ర మీయలేదు. మన రాజ్యాంగము 21వ యధికరణమున ‘వ్యక్తి’ యనియే చెప్పినది. విద్యను గాని, నాగరికతను గాని కొలమానముగా నుంచలేదు. కావున బోధను చేలలో చెఱకు నఱకు కూలికిని, విశ్వవిద్యాలయ పండితునికిని ఈ హక్కు సమానమే. మిల్ సిద్ధాంతమును మనము స్వీకరింపవలసినదే. ఆతని మినహాయింపును మాత్రము త్రోసివేయవలెను.