టేపుతో కట్టిన గోడలు

అమెరికాలోని సిన్సినాటిలో నష్టాలతో నెట్టుకొస్తున్న ఓ చిన్న రేడియో స్టేషన్. 1978 సెప్టెంబర్‌లో సీబీఎస్‌లో మొదలై, 1982 ఏప్రిల్ దాకా 90 ఎపిసోడ్లు సాగిన టీవీ హాస్య ధారావాహిక 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి' కథంతా అక్కడే. దీని సృష్టికర్త హ్యూ విల్సన్ అంతకుముందు అట్లాంటాలో వ్యాపార ప్రకటనల రంగంలో పనిచేశాడు. అక్కడి రేడియో వాళ్లని దగ్గర్నుంచి చూసినవాడు కాబట్టి మనుషుల తీరుతెన్నులు బాగా పట్టుకున్నాడు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం ఇంకొకటి. చెవికి వినిపించి, కంటికి కనిపించకుండా దాచడం రేడియో విద్య. ఆ విద్యని విల్సన్ బృందం టీవీలో వాడుకుంది.

వార్తలు చదివే లెస్ నెస్‌మన్ బల్లతోనే మొదలుపెడదాం. తన హోదాకి సొంత గది ఉండాలని లెస్ నమ్మకం. స్టేషన్‌కి అంత స్తోమత లేదు. దాంతో తన బల్ల చుట్టూ నేల మీద టేపు అంటించి, అవే గోడలన్నాడు. ఎవరొచ్చినా లేని తలుపు తట్టాలి. మరిచిపోయి నేరుగా నడిచొచ్చిన వాళ్లకి తలుపు సంగతి గుర్తుచేస్తాడు. ఈ హాస్యానికైన ఖర్చు ఒక టేపు చుట్ట. అయినా దాన్ని ఒకసారి వాడి పారేయలేదు, నియమంగా నిలబెట్టారు. తలుపు తట్టారా, విసుక్కుంటూ తట్టారా, అసలు పట్టించుకోలేదా అన్నదాన్ని బట్టి ఆ మనిషికి లెస్ మీద ఉన్న గౌరవమెంతో చెప్పకుండానే తెలిసిపోతుంది. లెస్ ఒంటి మీద ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఒక బ్యాండేజీ ఉంటుంది. అది ఎందుకో ఎవరూ అడగరు.

ఇదే నేర్పు పూర్తిగా పండింది 1978 అక్టోబర్ 30న ప్రసారమైన 'టర్కీస్ అవే'లో. రచన బిల్ డయల్. అందులో మేనేజర్ ఆర్థర్ కార్ల్‌సన్ యజమానురాలి కొడుకు. కొత్తగా వచ్చిన ప్రోగ్రాం డైరెక్టర్ ఆండీ ట్రావిస్ స్టేషన్‌ని రాక్ సంగీతంలోకి మళ్లించాక, కార్ల్‌సన్‌కి చేయడానికి పనేమీ మిగల్లేదు. గది గదికీ తిరుగుతూ, పనిచేసుకునే వాళ్లకి అడ్డు తగులుతూ కనిపిస్తాడు. తొలిసారి చూసేటప్పుడు ఈ సగం కాస్త వదులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ పునాది ఇక్కడే పడుతోంది. తన విలువ నిరూపించుకోవాలన్న తపన ముందే మన మనసుకి ఎక్కకపోతే, తర్వాత వచ్చేది ఉత్త అల్లరిగా మిగిలిపోయేది. ఆయన థాంక్స్‌గివింగ్ పండక్కి ఒక రహస్య ప్రచారం తలపెడతాడు. అదేమిటో మిగతా సిబ్బందికి చెప్పడు. మనకీ చెప్పరు.

ఆ ప్రచారం రోజున లెస్ ఒక షాపింగ్ మాల్ ముందు మైకు పట్టుకుని నిలబడతాడు. కెమెరా చూపు అతని మీదే. పైన హెలికాప్టర్. దాని వెనక కట్టిన బ్యానర్ మీది అక్షరాల్ని కూడబలుక్కుని చదువుతాడు. తర్వాత ఏదో నల్లగా కింద పడుతోందంటాడు. పారాచూట్‌తో దూకే మనిషేమోనని ఊహిస్తాడు. పారాచూట్ విచ్చుకోదు. ఇంకొకటి పడుతుంది, మరొకటి. అప్పుడు అర్థమవుతుంది, అవి ప్రాణమున్న టర్కీ కోళ్లని. ఇదే కార్ల్‌సన్ రహస్య ప్రచారం. అడవి టర్కీ కొంత దూరం ఎగరగలదు. మాంసం కోసం బరువెక్కేలా పెంచిన కోడికి ఆ శక్తి లేదు. పాపం, కార్ల్‌సన్‌కి ఆ సంగతి తెలియదు.

సమాచారం విడిచిన వరస గమనించండి. ముందు వస్తువు, తర్వాత మనిషి, ఆ తర్వాత పారాచూట్ లేని మనిషి, చివరికి పక్షి. మన మనసు ఒక బొమ్మ గీసుకునేలోపే తర్వాతి మాట దాన్ని చెరిపేస్తుంది. కోళ్లు పడడం మనకి ఒక్కసారి కూడా చూపించరు. స్టేషన్‌లో కూర్చున్న సిబ్బంది కూడా మనలాగే వింటూ ఉంటారు. వాళ్ల మొహాలు చూస్తే మన మొహాలు చూసుకున్నట్టే ఉంటుంది. 1937 మే 6న న్యూజెర్సీలో హిండెన్‌బర్గ్ గగననౌక తగలబడుతుంటే హెర్బర్ట్ మోరిసన్ వణికే గొంతుతో చెప్పిన వార్త అమెరికన్లకి బాగా గుర్తు. లెస్ పాత్రధారి రిచర్డ్ శాండర్స్ ఆ శ్రుతినే అందుకున్నాడు. నవ్వించాలనే ప్రయత్నమే కనిపించదు. తన జీవితంలో అతి పెద్ద వార్త చెబుతున్న విలేకరిగానే మాట్లాడతాడు. ఇంతలో లైను తెగిపోతుంది.

చివర్లో కార్ల్‌సన్ చెదిరిన బట్టలతో, ఒంటి మీద ఈకలతో తిరిగొస్తాడు. టర్కీలు ఎగురుతాయనే అనుకున్నానని దేవుడి మీద ఒట్టేసి చెబుతాడు. గోర్డన్ జంప్ ఆ మాట అన్న తీరులో తెలివితక్కువతనం కంటే గుండె పగిలిన చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. మొదటి సగం ఊరికే పోలేదు.

ఇక పాటలు. విల్సన్ అచ్చమైన పాటలే వాడాలని పట్టుబట్టాడు. డీజే జానీ ఫీవర్‌గా వేసిన హోవర్డ్ హెసెమన్ నిజంగానే శాన్‌ఫ్రాన్సిస్కోలో రేడియో డీజేగా పనిచేసినవాడు. మైకు ముందు అతని చేతుల తీరులోనే ఆ అలవాటు తెలుస్తుంది. మొదటి ఎపిసోడ్‌లో మెత్తని, నిద్రపుచ్చే సంగీతం ఆపి అతను రాక్ రికార్డు పెట్టే క్షణంలో మనిషే మారిపోతాడు. ఆ మార్పుని మోసేది సంభాషణ కాదు, పాట. ఫిల్ము మీద కాక వీడియో టేపు మీద తీయడం వెనుకా పాటల లెక్కే ఉంది. టేపు మీద తీసిన కార్యక్రమాలకి అప్పట్లో హక్కుల రుసుము తక్కువగా ఉండేది.

అయితే ఆ హక్కులు కొన్నేళ్లకే. గడువు తీరాక పునఃప్రసారాల్లో చాలాచోట్ల ఊరూపేరూ లేని సంగీతం అతికించారు. మాటల వెనక పాట మోగుతున్న చోట మాటల్ని కూడా అనుకరణ గొంతులతో మళ్లీ చెప్పించారు. రిసెప్షనిస్టు జెన్నిఫర్ ఇంటి కాలింగ్ బెల్ 'ఫ్లై మీ టు ద మూన్' బాణీలో మోగేది, దాన్నీ మార్చేశారు. అలా మారిన ప్రతుల్లో మనుషులు అవే మాటలు అంటారు, అవే నవ్వులు వినిపిస్తాయి, స్టేషన్ మాత్రం బోలుగా ఉంటుంది. 2014లో షౌట్ ఫ్యాక్టరీ విడుదల చేసిన డీవీడీల్లో చాలా పాటలు తిరిగొచ్చాయి. కొత్తగా చూడబోయేవాళ్లు ఆ ప్రతినే వెతికి పట్టుకోవడం మంచిది.