ఎర్ర అంచులో మంక్

1964 ఫిబ్రవరి 28 నాటి ‘టైమ్’ సంచిక ముఖచిత్రం మీద ఉన్నది థెలోనియస్ మంక్. పియానో విద్వాంసుడు, స్వరకర్త, బ్యాండ్ నాయకుడు. తలమీద టోపీ, చుబుకాన గడ్డం, లోపలి లోకం ఏదో వింటున్నట్టున్న ముఖం. వేసినవాడు బోరిస్ షాలియాపిన్. జాజ్ కళాకారుల మీద వచ్చిన రూపచిత్రాల్లో నా ఓటు దీనికే. కాదనేవాళ్ళతో వాదానికి ఎప్పుడైనా సిద్ధం!

షాలియాపిన్ సామాన్యుడు కాదు. రష్యన్ ఒపెరా గాయక చక్రవర్తి ఫ్యొదర్ షాలియాపిన్ కొడుకు. ‘టైమ్’కి నాలుగు వందలకు పైగా ముఖచిత్రాలు వేశాడు. ఉదయం ఫొటోలు చేతికిస్తే రాత్రికి బొమ్మ సిద్ధమట. అందుకే ‘మిస్టర్ క్విక్’ అని పేరు. మంక్‌ని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని వేశాడు. ఆ మహానుభావుడు కూర్చున్న చోటే కునుకు తీసేవాడట. అసలీ బొమ్మ 1963 నవంబరులోనే రావలసింది. కెనెడీ హత్య జరగడంతో మూడు నెలలు ఆగింది.

ముఖచిత్రం వేయడంలో కష్టమేమిటో తెలిస్తేనే ఆ చేతి గొప్పతనం తెలుస్తుంది. పత్రిక పేరుకి పైన చోటు వదలాలి. చుట్టూ ఎర్ర అంచు ఉంటుంది కాబట్టి లోపలి రంగులు దానికి లొంగిపోకూడదు. దుకాణంలో వేలాడే పత్రికని రోడ్డు మీద నుంచే గుర్తుపట్టాలి. వీటన్నిటినీ మించింది ఒంటి రంగు. నల్లనివాడి ముఖానికి నల్లరంగు పూస్తే ఆ ముఖం చచ్చిపోతుంది. గోధుమ, కావి, నీలం పొరలు పొరలుగా పడాలి. నుదుటి మీద, చెంప ఎముక మీద వెలుగు చల్లగా వాలాలి. అప్పుడే చర్మం కింద నెత్తురు కదులుతుంది.

ఇక మనిషి సంగతి. 1951లో పోలీసు కేసులో క్లబ్బుల లైసెన్సు పోయి, మంక్ దాదాపు ఆరేళ్ళు న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించలేకపోయాడు. వేళ్ళు బల్లపరుపుగా చాపి, తప్పు మెట్టు నొక్కాడేమో అనిపించే స్వరాలు పలికించేవాడు. తన బ్యాండ్‌లోని చార్లీ రౌస్ శాక్సొఫోన్ అందుకోగానే పియానో వదిలేసి, లేచి గుండ్రంగా తిరుగుతూ నాట్యం చేసేవాడు. అదీ ఆయన బ్యాండ్ నడిపిన తీరు! ఆ మొండితనం, ఆ ఏకాంతం ముఖంలోకి రప్పించిన చేతికి దణ్ణం పెట్టాలి.

ఇక ‘టైమ్’ ముఖచిత్రానికెక్కిన మిగతా జాజ్ ఉద్దండుల మాట. 1949లో బోరిస్ ఆర్జిబాషెఫ్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తలకు ట్రంపెట్ల కిరీటం పెట్టాడు. భలే ఊహ. కానీ ఊహ వేరు, మనిషిని చదవడం వేరు. 1954లో డేవ్ బ్రూబెక్ బొమ్మ వేసిందీ ఆయనే. డెన్వర్ హోటల్లో తలుపు తట్టి ఆ సంచికను బ్రూబెక్ చేతికిచ్చింది సాక్షాత్తూ డ్యూక్ ఎల్లింగ్టన్. తనకంటే ముందు ఆయనకు దక్కవలసిన గౌరవమని బ్రూబెక్ సిగ్గుపడిపోయాడు. ఎల్లింగ్టన్ వంతు 1956 ఆగస్టులో, న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో కచేరీ విజయం తర్వాత వచ్చింది. వేసినవాడు పీటర్ హర్డ్. గుడ్డుసొనలో రంగుపొడి కలిపి వేసే టెంపెరాలో ఆయన ఆరితేరినవాడు. ఆ రంగు పెట్టిన వెంటనే ఆరిపోతుంది, కుంచెతో అలికి కలపడం కుదరదు. పోగు పక్కన పోగు నేసినట్టు సన్నటి గీతలు పేర్చుకుంటూ పోవాలి. ఎంత ఓర్పు కావాలి!

ఇప్పుడేముంది? ఫొటోలొచ్చి చిత్రకారుణ్ణి ముఖచిత్రం మీద నుంచి తోసేశాయి. ఫొటోగ్రఫీ మీద నాకు కోపం లేదు, అదీ కళే. నా కోపమంతా దొంగ బొమ్మల మీద. కాఫీ షాపుల గోడలు చూడండి. ఎవరో తీసిన ఫొటోని కంప్యూటర్‌లో వేసి, నాలుగు రంగు మరకలు చిమ్మించి, కాన్వాసు మీద అచ్చుకొడతారు. పైన జిగురు పులిమి కుంచె జాడలని భ్రమ పెడతారు. మంక్ అయినా ఆర్మ్‌స్ట్రాంగ్ అయినా అవే మరకలు. మనిషిని చూడకుండా, పాట వినకుండా రూపచిత్రమా? ఇది కళకే అవమానం.

మనమేం తక్కువ తిన్నాం? ‘యువ’కీ, ‘చందమామ’కీ వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలను కత్తిరించి దాచుకున్న జాతి మనది. నేడు మన పత్రికల్లో కుంచె పట్టిన ముఖచిత్రం కోసం వెతుక్కోవాల్సి వస్తోంది.

1978లో ‘టైమ్’ తన ముఖచిత్రాల అసలు ప్రతులు సుమారు ఎనిమిది వందలు వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి ఇచ్చింది. ఈ మంక్ ఉన్నది కూడా అక్కడే. వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉన్న తెలుగువాళ్ళకు అది కూతవేటు దూరం, ప్రవేశం ఉచితం. అన్ని బొమ్మలూ ఎప్పుడూ గోడ మీద ఉండవు కాబట్టి కనుక్కుని వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. మన సంపాదకులకు నా విన్నపం ఒక్కటే: ఏడాదికి ఒక్క సంచికకైనా ముఖచిత్రం చిత్రకారుడి చేత వేయించండి, తగిన పారితోషికం ఇవ్వండి.