అరవై కార్డుల చదువు

2024 ఆగస్టులో హొనొలులులో జరిగిన పోకెమాన్ ప్రపంచ పోటీల్లో కార్డుల ఆట పెద్దల విభాగం గెలిచినవాడు చిలీ దేశపు కుర్రాడు ఫెర్నాండో సిఫుయెంతెస్. వయసు 18, బహుమతి 50 వేల డాలర్లు. బల్ల దగ్గర కూర్చోకముందే అతను సగం గెలిచేశాడనాలి. ఆ ఏడాది పేరు మోసిన డెక్‌లు చాలావరకు పోకెమాన్ల ప్రత్యేక శక్తుల మీద, అంటే ఆటగాళ్లు ఎబిలిటీలు అనేవాటి మీద నడిచేవి. అతను నమ్ముకున్న ఐరన్ థార్న్స్ అనే కార్డు ముందు నిలబడిందంటే ఎదుటివాడి పెద్ద పోకెమాన్లలో చాలావాటి ఎబిలిటీలు మూగబోతాయి. ఎక్కువమంది ఎంచుకోని డెక్‌తో, అందరికీ అలవాటైన దారినే మూసేశాడు. లోకం ఏం ఆడుతోందో చదివి, దానికి విరుగుడు ఇంట్లోనే తయారుచేసుకుని వెళ్లడం అంటే అదీ!

ఇవే పోకెమాన్ బొమ్మలున్న కార్డుల ప్యాకెట్లు పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ మీదుగా సంగారెడ్డి దాకా ముంబై రోడ్డు పొడుగునా కిరాణా కొట్ల ముందు పాన్ మసాలా దండల పక్కన వేలాడుతుంటాయి. షిఫ్టు దిగి ఇంటికి పోయే నాన్న చెయ్యి పట్టుకుని పిల్లలు అడిగేది వాటినే. పికాచు పేరు తెలియని పిల్లలు ఈ బెల్టులో అరుదు. ఆ కార్డుల వెనక ఒక ఆట ఉందని తెలిసినవాళ్లు అంతకంటే అరుదు.

ఆట చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితవేత్త 1993లో ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ తెచ్చాడు. కార్డులు కొనుక్కోవడం, మార్చుకోవడం, ఎవరి డెక్ వాళ్లే కట్టుకోవడం అనే పద్ధతి దానితోనే నిలబడింది. 1996లో జపాన్‌లో పోకెమాన్ కార్డులొచ్చాయి. రమ్మీలో అందరికీ ఒకే పేక. ఇక్కడ ఎవరి పేక వాళ్లే తయారుచేసుకుని రావాలి. అసలు విద్య అక్కడే ఉంది.

పోకెమాన్ డెక్‌లో సరిగ్గా 60 కార్డులుండాలి. దాడులకు శక్తినిచ్చే మామూలు ఎనర్జీ కార్డులు తప్ప ఒకే పేరుతో నాలుగుకు మించకూడదు. మొదట ఏడు కార్డులు చేతికొస్తాయి. వాటిలో ఒక్క బేసిక్ పోకెమాన్ అయినా, అంటే నేరుగా బల్ల మీద పెట్టగలిగేది, లేకపోతే చెయ్యి చూపించి మళ్లీ కలుపుకోవాలి, ఎదుటివాడికి అదనంగా ఒక కార్డు తీసుకునే హక్కొస్తుంది. డెక్‌లో బేసిక్‌లు ఎనిమిది పెడితే మొదటి చేతిలో ఒకటైనా పడే అవకాశం 65 శాతం, పన్నెండు పెడితే 81 శాతం. నాలుగు పెట్టుకున్న కార్డు మొదటి ఏడింటిలో కనిపించే అవకాశం 40 శాతమే. కొత్తవాళ్లు తమకు నచ్చిన కార్డులన్నీ రెండేసి కుక్కుతారు. అనుభవజ్ఞులు నచ్చినవాటిని తీసేస్తారు. డెక్ కట్టడమంటే ముప్పాతిక వంతు తీసివేతే.

ఇక ఆటగాడి నేర్పు చూడాలంటే ప్రైజ్ కార్డుల లెక్క చూడాలి. ఆట మొదట్లో ఎవరి డెక్‌లోంచి వాళ్లు ఆరు కార్డులు బోర్లించి పక్కన పెడతారు, ఇవే ప్రైజ్ కార్డులు, అవేమిటో ఇద్దరికీ తెలియదు. డెక్‌లో ఒక్కటే ఉన్న కీలకమైన కార్డు ఆ ఆరింటిలో చిక్కుకునే అవకాశం పదింట ఒకటి. మంచి ఆటగాడు డెక్‌లో మొదటిసారి వెతికే అవకాశం రాగానే కార్డులను ఒక్క చుట్టు తిరగేసి, తన జాబితాలో ఏవి తగ్గాయో మనసులోనే లెక్కగట్టి, బోర్లించిన ఆరూ ఏమిటో చెప్పేస్తాడు. అదీ గడియారం నడుస్తుండగా! పెద్ద పోటీల్లో మూడు గేముల మ్యాచికి 50 నిమిషాలే ఇస్తారు. ఈ లెక్క ఇంట్లో విడిగా సాధన చేస్తారు: డెక్ కలపడం, ఆరు తీసి పెట్టడం, మిగతాది తిరగేయడం, ఆరింటి పేర్లు చెప్పడం, తిప్పి చూసుకోవడం, మళ్లీ కలపడం. బయటివాళ్లకు పిచ్చిలా కనిపిస్తుంది. తబలా విద్యార్థి ఒకే బోలు వందసార్లు వాయిస్తే ఎవరూ పిచ్చి అనరు.

సాధనలో ఇంకో మెట్టుంది. తన డెక్‌తో తాను ఆడితే సరిపోదు, ఎదుటివాళ్ల డెక్‌లు కూడా కట్టి అటువైపు కూర్చుని ఆడాలి. వాళ్ల భయమేమిటో అప్పుడే తెలుస్తుంది. చివరికి పోటీ నిర్వాహకులకు డెక్ జాబితా రాసి ఇవ్వాలి. రాసిన జాబితాకు, చేతిలో డెక్‌కు తేడా వస్తే గేమే పోవచ్చు. కార్డులకు తొడిగే ప్లాస్టిక్ స్లీవులు నలిగి కార్డులు గుర్తుపట్టేలా ఉన్నా శిక్ష తప్పదు. ఆఖరి రాత్రి కొత్త స్లీవులు తొడగడం కూడా తయారీలో భాగమే.

గొప్పవాళ్ల కథలు చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం. పోకెమాన్‌లో జేసన్ క్లాజిన్స్కీ 2006, 2008, 2013లలో మూడుసార్లు ప్రపంచ విజేత. మ్యాజిక్‌లో జర్మనీకి చెందిన కై బుడ్డె ప్రో టూర్ అనే పెద్ద పోటీ ఏడుసార్లు గెలిచాడు. సంఖ్యల్లో అతనే పైచేయి, కాదనలేం. కానీ ఆట అందం తెలిసినవాళ్లు జాన్ ఫింకెల్ వైపే ఉంటారు. 2000 ప్రపంచ పోటీల ఫైనల్లో ఫింకెల్, బాబ్ మాహెర్ ఇద్దరి డెక్‌లూ దాదాపు కార్డు కార్డుకూ ఒకటే. అదృష్టం మీదికి తోసెయ్యడానికి సాకు లేని ఆట అది, ఫింకెల్ గెలిచాడు. ఎనిమిదేళ్ల తర్వాత కౌలాలంపూర్‌లో మళ్లీ ప్రో టూర్ కొట్టాడు. ఇక డచ్చి ఆటగాడు ఫ్రాంక్ కార్‌స్టెన్, ఏ రంగు కార్డుకు ఎన్ని ల్యాండ్‌లు (మ్యాజిక్‌లో శక్తినిచ్చే కార్డులు) పెట్టాలో గణితంతో తేల్చి అందరికీ పంచిపెట్టాడు. మ్యాజిక్ డెక్ కట్టేవాళ్లు ఈనాటికీ ఆ లెక్కల దగ్గరికే పోతారు.

ఇంత విద్య ఉన్న ఆట మన వీధికి ఏ రూపంలో వచ్చింది? పదికీ ఇరవైకీ అమ్మే దొంగ ప్యాకెట్ల రూపంలో. బంగారు రేకులా మెరిసే ప్లాస్టిక్ ముక్కలు, అక్షరదోషాలు, వెలిసిన నీలంతో వెనక భాగం. అసలు కార్డుల్లో వందల్లో ఆగే హెచ్‌పీ (పోకెమాన్ ప్రాణబలం) అంకె వీటిలో వేలు దాటుతుంది. దాడికి ఎంత ఎనర్జీ కావాలో రాసి ఉండదు, ఉన్నా అర్థం ఉండదు. డబ్బు పోవడం చిన్న నష్టం. ఆ కార్డులతో ఆట ఆడనే లేరు, అదీ అసలు దోపిడీ. నియమం చెరిగిపోయిన కార్డుతో పిల్లలు చేయగలిగింది ఒక్కటే: ఎవరి అంకె పెద్దదో చూసి లాక్కోవడం. పాత డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులే నయం, కనీసం అంకెలు ఒకదానితో ఒకటి పొసిగేవి. మెరుపు కార్డు వస్తుందేమోనని ప్యాకెట్ వెనక ప్యాకెట్ చింపడం లాటరీకి ఓనమాలు దిద్దించడమే.

పాత అట్టముక్క మీద పెన్నుతో అసలు కార్డు పేరు, దాని మాటలు రాసుకుని స్లీవులో పెట్టుకున్న కుర్రాడు ఈ దొంగ సరుకు అమ్మేవాళ్లకంటే వెయ్యి రెట్లు గౌరవనీయుడు. ఆటగాళ్లు దాన్ని ప్రాక్సీ అంటారు. అధికారిక పోటీకి అది పనికిరాదు, సాధనకు మాత్రం దివ్యంగా పనికొస్తుంది. పేరున్న ఆటగాళ్లు కూడా కొత్త డెక్ కొనేముందు ఇలాగే పరీక్షించుకుంటారు.

పెద్దల అభ్యంతరం ఊహించగలిగిందే: కార్డులంటే పేకాటే కదా? సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని చెప్పింది, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలని ప్రత్యేకించి ప్రస్తావించింది. తర్వాత 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం సవరించి రమ్మీకి ఆ మినహాయింపు తీసేసింది. డబ్బు పందెం కుటుంబాలను కూల్చిందనే కోపం న్యాయమైనదే, కానీ ఆ కోపం డబ్బు మీద ఉండాలి, కార్డు మీద కాదు. పైసా పందెం లేకుండా సంభావ్యత లెక్క నేర్పే ఆటను అదే గాటన కట్టడం అన్యాయం.

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్‌లో ఉన్నవాళ్లు, కందిలో ఐఐటీ హైదరాబాద్ విద్యార్థులు, బడుల్లో లెక్కల సార్లు ఒకసారి ఆలోచించాలి. కావలసినవి ఒక బల్ల, ప్రాక్సీలతో కట్టిన రెండు అరవైలు, నియమాలు చదివి చెప్పే ఒక మనిషి. కొట్ల వాళ్లకు ఒక్క మాట: ఆ దొంగ ప్యాకెట్ల దండ దించెయ్యండి. తల్లిదండ్రులకు ఇంకో మాట: ఈసారి పిల్లాడు కార్డు అడిగితే, దానిమీద రాసింది చదివి వినిపించమనండి. చదవడానికి అర్థం లేకపోతే కొనకండి.